రాయిని చదివే లేజరు

అరకులోయలో పెరిగే మనకు రాళ్ళు కొత్త కాదు. బొర్రా గుహల సున్నపురాయి, గాలికొండ బాక్సైటు, ఖోండు గిరిజనుల పేరుతో భూగర్భ శాస్త్రంలో స్థానం పొందిన ఖోండలైటు మన చుట్టూ ఉన్నవే. వీటిలో ఏ పదార్థాలున్నాయో తెలుసుకోవాలంటే పూర్వం రాయిని పొడిచేసి, ఆమ్లంలో కరిగించి పరీక్షించేవారు. ఇప్పుడు లేజరు కిరణంతో క్షణాల్లో తెలుసుకోవచ్చు. అదెలాగో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

పొయ్యిలో చిటికెడు ఉప్పు వేస్తే మంట పసుపుపచ్చగా మారుతుంది. అది ఉప్పులోని సోడియం ఇచ్చే వెలుగు. దాని తరంగదైర్ఘ్యం సుమారు 589 నానోమీటర్లు. ఒకరి వేలిముద్ర మరొకరికి కలవనట్లే, ఒక మూలకం ఇచ్చే కాంతిరేఖలు మరొక మూలకానికి ఉండవు.

'లిబ్స్' అనే పరికరం పనిచేసేది ఈ సూత్రం మీదే. శక్తివంతమైన లేజరు కాంతిని కటకం ద్వారా రాతిపై ఒక చుక్కంత చోట పడేలా చేస్తారు. అక్కడి పదార్థం ఆవిరై, పదివేల డిగ్రీలకు మించిన వేడితో మిణుగురులా మెరుస్తుంది. ఆ మెరుపును వర్ణపటమాపకం రంగులుగా విడదీస్తుంది. 393 నానోమీటర్ల దగ్గర గీత కనిపిస్తే కాల్షియం ఉన్నట్టు. ఏ మూలకం ఎంత ఉందో లెక్కకట్టాలంటే మాత్రం తెలిసిన నమూనాలతో పోల్చాలి. రాతి పైపొర ఎండావానలకు మారిపోతుంది కనుక చాలాచోట్ల పరీక్షించాలి.

మూలకాలు తెలిస్తే సరిపోదు, అవి ఎలా కలిసి ఉన్నాయో కూడా తెలియాలి. కాల్సైటు, అరగొనైటు రెండూ కాల్షియం కార్బొనేటే. వాటి తేడాను రామన్ వర్ణపటం చెబుతుంది. ఇందులో రాయి చెడిపోదు. చెదిరిన లేజరు కాంతిలో వచ్చే స్వల్పమైన మార్పును కొలుస్తారు. దీనికి మూలమైన రామన్ ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న సర్ సి.వి. రామన్ బాల్యంలో చదువుకున్నది మన విశాఖపట్నంలోనే! అప్పటికి లేజరు లేదు. అది 1960లో వచ్చింది.

2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవరు లిబ్స్ పరికరంతోనే చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతపు నేలలో గంధకం ఉందని నిర్ధారించింది.

మిత్రులారా! రాతిలో ఏముందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. విలువ తెలిసినచోటికి గనులవారు వస్తారు. బొర్రా పరిసర గ్రామాల గనుల లీజులపై సాగిన 'సమత' కేసులో, షెడ్యూల్డు ప్రాంత భూములను గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ హక్కును నిలుపుకోవడానికి చట్టంతోపాటు శాస్త్రమూ తెలియాలి. మన కొండల రాళ్ళ గురించి ఎవరో రాసిన నివేదికను చదివి తప్పొప్పులు చెప్పగలవారు మన హాస్టళ్ళ నుంచే రావాలి. అందుకే భౌతిక, రసాయన శాస్త్రాలను మార్కుల కోసమే కాక మన నేల కోసం కూడా చదువుదాం.