విమానం కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో విమానాల కిట్లు లేవు కాబట్టి అక్కడితో ఆపేశారు.

మూడేళ్ళ క్రితం మా వారు "గరాజులో విమానం కడదామా?" అన్నప్పుడు నేను పోపు వేస్తున్నాను. ఆవాలు మాడిపోయాయి. హైదరాబాదు నుంచి మా అత్తయ్య "కొన్నవాటిలో ఎక్కడానికే భయపడుతుంటే, ఇంట్లో కట్టిందా నాయనా!" అన్నారు.

నిజానికి అదేమీ వింత కాదు. బ్రిటన్‌లో ఒక మలయాళీ ఇంజనీరు లాక్‌డౌన్ రోజుల్లో నాలుగు సీట్ల విమానం కట్టి, 2022లో భార్యాపిల్లలతో ఐరోపా తిరిగొచ్చారు. ఇక్కడ అమెరికాలో 1953లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలాంటి వాళ్ళకోసమే ఉంది. సగానికి పైగా పని మనమే, నేర్చుకోవడానికో సరదాకో చేశామని చూపిస్తే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. అందుకే మొదటి రోజు నుంచే ఫోటోలతో డైరీ రాయండి.

మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే, నేను నేర్చుకున్నవి చెబుతాను.

ముందు లెక్క. రెండు సీట్ల లోహపు విమానానికి 1500 నుంచి 2000 గంటల పని మామూలే. వారానికి పది గంటలు దొరికితే మూడు, నాలుగేళ్ళు. కిట్ ధర చూసి మురిసిపోకండి. ఇంజను, ప్రొపెల్లరు, పరికరాలు, రంగు అన్నీ విడి ఖర్చులే. జీవిత బీమా పాలసీ తీసి, సొంతంగా విమానం నడిపితే వర్తిస్తుందో లేదో చదవండి. మేం సంతకం చేసిన ఎన్నో ఏళ్ళకు ఆ పేజీ మొదటిసారి చదివాం!

రెండోది, తోక కిట్ మాత్రమే ముందు కొనండి. ఈ పని మనకు పడుతుందో లేదో తక్కువ ఖర్చులో తేలిపోతుంది. మేం చుక్కాని రేకులో ఒక రంధ్రం అంచుకు మరీ దగ్గరగా వేశాం. రివిట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. ఆ అసోసియేషన్ తరఫున ఉచితంగా వచ్చి చూసే సాంకేతిక సలహాదారు వేలు పెట్టి చూపించారు. రేకు మళ్ళీ తెప్పించాం. రోషం వచ్చింది గానీ, ఆయన్ని ముందే పిలిచి ఉంటే బాగుండేది.

మూడోది, రంగులు, ప్రైమర్ల ఆవిరి. బీయస్సీ కెమిస్ట్రీ చదివినందుకు ఇది నా శాఖ. తగిన మాస్కు, గాలి ధారాళంగా ఆడే చోటు లేకుండా డబ్బా మూత తీయనివ్వను. పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

నాలుగోది, కట్టే ధ్యాసలో నడపడం మరిచిపోకూడదు. మా వారు నెలకు రెండుసార్లయినా అద్దె విమానం నడపాలన్నది నా షరతు. మొదటిసారి ఎగిరేముందు అదే రకం విమానంలో శిక్షణ తీసుకోవాలి. ఆ తర్వాత సాధారణంగా 25 నుంచి 40 గంటలు పరీక్షగా నడపాలి. అప్పటిదాకా ప్రయాణికులను ఎక్కించుకోకూడదు.

ఇక అసలు మాట. రివిట్ కొట్టడానికి చాలాచోట్ల ఇద్దరు కావాలి. ఒకరు ఇటు నుంచి గన్ పట్టుకుంటే, రెండోవారు అటు నుంచి ఇనుప దిమ్మ ఆనించాలి. తోక అణిగి, రివిట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, సగం ఎత్తు రావాలి. ఆ దిమ్మ నా చేతిలో ఉంటుంది. బాగా రాకపోతే "తీసేయండి" అంటాను, ఆయన తీసేస్తారు. ఒక రాత్రి పదకొండింటికి వరసగా ఆరు తీయించాను. ఆయన ముఖం ముడుచుకున్నారు, రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆ ఆరూ మళ్ళీ కొట్టాం.

మా విమానం ఇంకా ఎగరలేదు. తోక, రెక్కలు అయ్యాయి, బాడీ సగంలో ఉంది. "నీకు భయం లేదా?" అని మొన్న అత్తయ్య అడిగారు. ఉంది అత్తయ్యా. అందుకే దిమ్మ నేను పట్టుకుంటున్నాను. రేపు నా పిల్లలు కూర్చునేది అందులోనే కదా.