చూపు తగ్గినవాని చిత్రలేఖనము

కన్ను చాలనివాడు బొమ్మలు వ్రాయుటెట్లని మా మైపాడు తీరమున నన్నడుగువారు కలరు. చూపు తగ్గుట యందరికి నొక్కతీరున నుండదు. దానినిబట్టి పనియు మారును.

నాకు నీటికాసులు. ఈ వ్యాధిలో కంటినుండి మెదడునకు పోవు నరము చెడి, దృష్టి సాధారణముగా అంచులనుండి లోనికి మూసికొనివచ్చును. పడవను వ్రాయబోయితినా, ముందుకొన కనబడినపుడు వెనుకకొన కానరాదు. ఇట్లు పోయిన చూపు మరల రాదు. మిగిలినదానిని మందులతో నిలుపుకొన యత్నింపవలసినదే.

శుక్లము వేరు. అందు కంటికటకము మసకబారి పసుపువన్నె దాల్చుటచే నీలిరంగు లోనికి సరిగా రాదు. ఫ్రాన్సుదేశపు చిత్రకారుడు క్లాడ్ మోనే శుక్లములు ముదిరిన దినములలో రంగుగొట్టములపై పేరులు చదివి, రంగులను ఎప్పుడు నొకే వరుసలో నుంచుకొనెడివాడు. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది. శుక్లమునకు చికిత్స కలదు గనుక పెద్దలు జాగుచేయరాదు.

అయినను చికిత్స ఫలింపనివా రేమి చేయుదురు? వంగదేశీయుడగు వినోదవిహారీ ముఖర్జీ 1904లో జన్మించెను. చిన్ననాటనుండియు ఒక కంట చూపులేదు. రెండవదానికి దూరపుచూపు మిక్కిలి తక్కువ. అయినను 1947 నాటికి శాంతినికేతనములోని హిందీభవనపు గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితములను చిత్రించెను. పిదప శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయెను. ఆయన పని మానలేదు. రంగుకాగితములను కత్తిరించి యతికించెను, మైనముతో బొమ్మలు చేసెను. 1972లో కళాభవనపు గోడపై పలకలతో పెద్దచిత్రము నిర్మించెను. ఆ యేడే సత్యజిత్ రాయ్ ఆయనను గూర్చి చలనచిత్రము తీసెను. 1980లో ఆయన గతించెను.

ఇది అద్భుతమని చేతులు జోడించి యూరకుండుట నాకు రుచింపదు. తెల్లవారకమునుపే వాకిట ముగ్గుపెట్టు అవ్వకు కన్నెంత తోడ్పడుచున్నది? చుక్కకును చుక్కకును నెడము ఆమె చేతికి తెలియును.

నేనును ఆ త్రోవనే పట్టితిని. పడవ పొడవును జానలతో కొలిచి, పలకపై రెండుకొనలయందు మేకులు దిగగొట్టుదును. వానినడుమ వలదారము బిగించి, వ్రేలితో దానిని తడవుచు గీత గీయుదును. పిదప దారము విప్పి రంగు వేయుదును. రంగుడబ్బాల మెడలకు దారములు కట్టితిని: నీలమునకు ఒక ముడి, పచ్చకు రెండు, ఎరుపునకు మూడు. తెలుపు డబ్బాకు ముడియే లేదు. అది తక్కినవానికన్న పెద్దది.