దుబాయ్ నుంచి నాలుగు గంటలే.. మరి ఇంటికి?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గంలో సుమారు 2,550 కిలోమీటర్లు. ప్లేన్ గంటకు 850 కిలోమీటర్ల స్పీడ్‌తో పోతుంది కాబట్టి మూడు గంటలు చాలాలి. కానీ రన్‌వే దాకా మెల్లగా పాకడం, పైకెక్కడం, దిగేముందు చక్కర్లు కలిపితే పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు. వచ్చేటప్పుడు మాత్రం మూడున్నరే.

దూరం ఒకటే కదా, ఈ తేడా ఏంటి? గాలి! పైన పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది. ఇటు వచ్చే ప్లేన్‌ను వెనక నుంచి తోస్తుంది, అటు పోయేదానికి ఎదురొస్తుంది. చలికాలంలో దీని జోరు ఎక్కువ. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అసలు తిరకాసు టికెట్ మీద ఉంటుంది. ఎక్కే టైం ఎక్కే ఊరిది, దిగే టైం దిగే ఊరిది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10కి ఎక్కితే అక్కడ 12:30కే దిగుతాం. అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలు, తేదీ కూడా మారిపోతుంది. ఇంకోటి, 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 15 రాత్రి సంచి సర్దితే ఆ ఫ్లైట్ పోయి దాదాపు రోజైనట్టే.

మా జగిత్యాల వైపు ఏ వాడకట్టులో చూసినా గల్ఫ్‌లో ఉన్న మనిషి ఒకరైనా ఉంటారు. ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయితే ఫోన్‌లో వచ్చే మొదటి ప్రశ్న "ఎప్పటికల్లా వస్తవ్ బిడ్డా?" అందరికీ గుర్తుండేది ఆ నాలుగు గంటలే. నేను వేసే లెక్క వేరే. సోనాపూర్ రూమ్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఒక గంట, ముందుగా చేరాల్సింది మూడు గంటలు, గాల్లో మూడున్నర, ఇమిగ్రేషన్‌కూ సామానుకూ ఒక గంట. శంషాబాద్ నుంచి జగిత్యాలకు 200 కిలోమీటర్లకు పైనే, అంటే రోడ్డు మీద ఇంకో అయిదు గంటలు. మొత్తం పదమూడున్నర! గాల్లో కన్నా కారులోనే ఎక్కువసేపు.

అదీ లీవు దొరికి, టికెట్ ఉండి, పాస్‌పోర్ట్ చేతిలో ఉంటేనే. కార్మికుడి పాస్‌పోర్ట్‌ను కంపెనీ తన దగ్గర పెట్టుకోవడం యూఏఈలో చట్టవిరుద్ధం. అయినా పెట్టుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని ఇప్పించుకునే టైం ఏ యాప్ చూపిస్తుంది చెప్పండి?

అందుకే అంత్యక్రియల టైం ఖాయం చేసేముందు ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఫోన్ పట్టుకుని ఈ లెక్క చూడాలి. టికెట్ మీది ల్యాండింగ్ టైంకు ఆరు గంటలు కలిపి పెద్దలకు చెప్పండి. వచ్చేవాళ్లు కరీంనగర్ దాటగానే ఒక కాల్ చేస్తే చాలు, అక్కడి నుంచి ఇంకో 50 కిలోమీటర్లే.