ఎండకు మొరాయించే కారుకు రేకు తడిక!

రెంటచింతల (పల్నాడు జిల్లా): పల్నాడు ఎండల సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. వేసవి వచ్చిందంటే ఎండ ఎక్కువగా కాసే ఊళ్ళలో ముందుగా వినబడే పేరు రెంటచింతలది. ఆ ఎండకు మనిషి తలకు తుండుగుడ్డ చుట్టుకుంటాడు. గొడ్డు చెట్టు నీడ వెతుక్కుంటుంది. మరి కారు ఏం చేస్తుంది? నడిరోడ్డు మీద నిలబడిపోతుంది!

గత ఏడాది మే నెలలో ఇక్కడ జరిగింది అదే. పురిటి నొప్పులు పడుతున్న ఒక యువతిని పొరుగింటి పాత అంబాసిడర్‌లో నరసరావుపేటకు బయలుదేరదీశారు. దారిలో రైల్వే గేటు పడింది. లారీల వెనుక ఆగిన కారు గేటు తీశాక మరి కదలలేదు. సెల్ఫ్ తిరుగుతున్నది గాని ఇంజను అందుకోలేదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, నీళ్ళు చల్లుతూ అరగంట కూర్చున్నారు. చివరకు కారు కదిలింది, తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. కాని ఆ అరగంట తన జన్మలో మరువలేనని కారు యజమాని అంటారు.

జబ్బు ఎక్కడ?

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్లు పల్లెల్లో ఇంకా అక్కడక్కడ తిరుగుతూనే ఉన్నాయి. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి పోయే గొట్టం, పొగ బయటకు వచ్చే గొట్టం ఒకే పక్కన ఉంటాయి. నిప్పులా కాలే పొగ మేనిఫోల్డు కింద, కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ పైన. పొయ్యి మీద గిన్నె పెట్టినట్లే!

బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఆగితే వేడి అంతా బానెట్ కిందే నిలుస్తుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీలకు అటూ ఇటూగానే ఆవిరి కాసాగుతాయి. ఆ ఆవిరి పంపులో, గొట్టంలో అడ్డుపడితే ఇంజనుకు పెట్రోలు అందదు.

రెండవది గాలి సంగతి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. లెక్క కడితే 45 డిగ్రీల గాలి కంటే 75 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలచన. గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఇంజను బరువుగా నడుస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొట్టుకుంటుంది.

అట్టముక్కతో మొదలు

ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న ఒక మెకానిక్ ఆ కారుకు చేసిన వైద్యం చాలా సులువైనది. పాత సామాన్ల కొట్టులో దొరికిన మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు ముక్క, నాలుగు రబ్బరు ముక్కలు, రెండు గాస్కెట్లు మాత్రమే ఖర్చు.

ముందుగా ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, అట్టముక్కను మేనిఫోల్డుకు, కార్బురేటర్‌కు మధ్య పెట్టి కొలత తీయాలి. అట్ట సరిగ్గా కూర్చున్నాకే రేకు కత్తిరించాలి. కార్బురేటర్ బిగించే బోల్టులకే రేకు పట్టేటట్లు కన్నాలు వేసి, రేకుకు రెండు వైపులా కొత్త గాస్కెట్లు వేయాలి. పాతవి వేస్తే సందులోంచి గాలి పీల్చి ఇంజను నిలకడ తప్పుతుంది. అంచులు మొద్దుగా మడిచి, పెట్రోలు గొట్టం పోయే చోట చీల్చిన రబ్బరు గొట్టం తొడగాలి.

"రేకు మేనిఫోల్డుకు తగిలిందా, తడిక కాదు, అట్లకాడే అవుతుంది. కనీసం వేలు దూరే సందు ఉండాలి" అని ఆయన మా విలేఖరితో చెప్పారు. ఆ సందులో గాలి ఆడుతుంది. రేకు మెరుపు వేడిని వెనక్కు కొడుతుంది. మసి పట్టి నల్లబడితే ఆ గుణం తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడు తుడుస్తూ ఉండాలి.

ఫిల్టర్ మూతిని కూడా మేనిఫోల్డు వైపు నుంచి తప్పించి, ముందు జాలీ వైపుకు తిప్పారు. చల్లగాలి కోసమని ఆ మూతిని నేలబారుగా దించడం మాత్రం ప్రమాదం. వానాకాలంలో వాగు దాటేటప్పుడు నీళ్ళు పీల్చిందంటే ఇంజను కడ్డీలు వంగిపోతాయి.

ఈ తప్పులు చేయరాదు

రేకు బిగించాక యాక్సిలేటర్, చోక్ తీగలు ఎక్కడా తట్టుకోకుండా ఆడుతున్నాయో లేదో ఇంజను వేయకముందే చూడాలి. పెడల్ ఇరుక్కుంటే ప్రాణాపాయం. రేకు ఫ్యానుకు గాని బ్యాటరీ తీగలకు గాని దగ్గరగా ఉండరాదు. పూర్వం కొందరు వాడిన ఆస్‌బెస్టాస్ రేకుల జోలికి పోరాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. కాలే మేనిఫోల్డు మీద నీళ్ళు పోయరాదు, పోత ఇనుము చిట్లిపోవచ్చు. అన్నిటికంటే ముందు, పెట్రోలు చెమ్మ ఎక్కడైనా కనిపిస్తే అది బాగుచేయించిన తరువాతే మిగతా పని.

ఈ తడిక సర్వరోగ నివారిణి కాదు. రేడియేటర్ పూడిపోయినా, టైమింగ్ తప్పినా అది ఏమీ చేయలేదు. మైలేజీ అమాంతం పెరుగుతుందన్న ఆశా వద్దు. ఇప్పటి ఇంజక్షన్ కార్లు చాలావరకు ముందు వైపు నుంచే గాలి తీసుకుంటాయి, పెట్రోలు పాలు అవే సరిచూసుకుంటాయి. వాటికి దీని అవసరం తక్కువ.

ఈ వేసవిలో అదే రైల్వే గేటు దగ్గర రెండుసార్లు ఆగవలసి వచ్చినా, సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకున్నదని యజమాని సంతోషంతో చెప్పారు. వెనుక సీటులో ఎవరి ప్రాణం ఎంత అవసరంలో ఉన్నదో కారుకు తెలియదు, నడిపేవాడికి తెలుసు. పాత బండ్లు గలవారు ఎండలు ముదరక ముందే, తెలిసిన మెకానిక్ చేత ఈ చిన్న పని చేయించుకోవడం మంచిది.