కమిషనర్ కుర్చీకి ఏ దారిన వెళ్తారు?

మా ఓబులదేవరచెరువు వైపు డిగ్రీ అయిపోయిన కుర్రాళ్లని కదిలిస్తే రెండే మాటలు. ఒకటి బెంగళూరు, రెండోది ఎస్సై నోటిఫికేషన్. నాలాంటి సాఫ్ట్‌వేర్ బ్యాచ్ బెంగళూరు బస్సెక్కేస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లు తెల్లారకముందే లేచి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. ఖాకీ మీద ఇంత ఇష్టమున్నా, ఆ ఖాకీలో పైదాకా వెళ్లినవాళ్లు ఏ దారిన వెళ్లారో చూసినవాళ్లు తక్కువ. రీల్స్‌లో కమిషనర్ కారు దిగే సీను, దానికో బీజీఎం, అంతే. అంతకుముందు పాతికేళ్లు ఆయన ఎక్కడున్నాడో అందులో ఉండదు.

మన పుట్టపర్తిలో ఎస్పీ ఉంటారు, కమిషనర్ ఉండరు. తేడా పేరులోనే కాదు. జిల్లాలో నిషేధాజ్ఞలు పెట్టాలంటే ఎస్పీ రెవెన్యూ అధికారుల దగ్గరికి వెళ్లాలి. కమిషనరేట్‌లో ఆ మెజిస్ట్రేట్ అధికారాలు కమిషనర్ చేతిలోనే ఉంటాయి. విజయవాడ, విశాఖపట్నాలకు ఈ పద్ధతి 1983లో వచ్చింది. హైదరాబాద్‌లో నిజాం కాలపు కొత్వాల్ దగ్గర్నుంచీ ఉంది. అందుకే హైదరాబాద్ కుర్చీనే చూద్దాం.

2025 సెప్టెంబరు 30న ఆ కుర్చీలోకి వచ్చిన వి.సి. సజ్జనార్‌ది హుబ్లీ. 1996 బ్యాచ్. కమిషనర్ అయ్యే ముందు రోజు దాకా ఆయన చేసింది పోలీసు ఉద్యోగమే కాదు. నాలుగేళ్లు ఆర్టీసీ ఎండీ! మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైనప్పుడు ఆ రద్దీని, ఆ గొడవల్ని చూసుకున్నది ఆయనే. బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద సోషల్ మీడియాలో విరుచుకుపడింది కూడా ఆర్టీసీలో ఉండగానే. బస్సుల ఆఫీసర్‌కి బెట్టింగ్ యాప్‌లతో ఏం పని అని అప్పట్లో నాకూ అనిపించింది. ఫోన్‌లో రమ్మీ ఆడి ఫ్రెండ్స్ దగ్గర అప్పులు చేసేవాళ్లు మన బ్యాచుల్లో ఎంతమంది ఉన్నారో లెక్కేసుకుంటే ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

అదే మనిషి గతంలో ఇంకో పేజీ ఉంది. 2008లో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు అక్కడ ఎస్పీ ఆయనే. 2019 డిసెంబరులో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడు సైబరాబాద్ కమిషనర్ ఆయనే. జనం పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదని, 10 మంది పోలీసులను విచారించాలని 2022లో రిపోర్టు ఇచ్చింది. ఆ 10 మందిలో సజ్జనార్ లేరు. ఒక ఆఫీసర్ కెరీర్ చదవాలంటే పూలూ చదవాలి, రిపోర్టూ చదవాలి.

ఆయనకు ముందున్న సి.వి. ఆనంద్‌ది 1991 బ్యాచ్. ఆయనా మధ్యలో పౌరసరఫరాల శాఖ కమిషనర్‌గా రేషన్ బియ్యం లెక్కలు చూశారు. సీఐఎస్‌ఎఫ్‌లో కేంద్రానికి పనిచేశారు. కమిషనర్‌గా వచ్చాక డ్రగ్స్ కోసం హెచ్-న్యూ అని ప్రత్యేక విభాగమే పెట్టారు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు నచ్చే కెరీర్ మాత్రం ఎం. మహేందర్ రెడ్డిది. ఖమ్మం జిల్లా కిష్టాపురం అనే పల్లె. వరంగల్ ఆర్ఈసీలో సివిల్ ఇంజినీరింగ్, 1986 బ్యాచ్ ఐపీఎస్. 2003లో సైబరాబాద్ కమిషనరేట్ పుట్టినప్పుడు తొలి కమిషనర్, తర్వాత ఇంటెలిజెన్స్ చీఫ్. 2014 జూన్‌లో హైదరాబాద్ కమిషనర్ అయ్యాక అదే ఏడాది అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి, వీధుల్లో సీసీ కెమెరాలు వచ్చాయి, హాక్ ఐ యాప్ వచ్చింది. బంజారాహిల్స్‌లోని కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు పునాది పడిందీ ఆయన టైములోనే. నేరాన్ని ఒక సిస్టమ్ ప్రాబ్లమ్‌లా చూసిన పద్ధతి ఇందులో నాకు కనబడుతుంది. (మా వృత్తి చూపు కావచ్చు.) ఇన్ని కెమెరాలు మన ముఖాలు చూస్తుంటే వాటిని ఎవరు చూస్తారన్న ప్రశ్న వేరే ఉంది.

షీ టీమ్స్‌ను ముందుండి నడిపింది స్వాతి లక్రా. కానీ హైదరాబాద్ కమిషనర్ కుర్చీలో ఇప్పటిదాకా ఒక్క మహిళా కూర్చోలేదు.

వీళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. అందరూ యూపీఎస్సీ రాసి నేరుగా ఐపీఎస్‌లో చేరినవాళ్లు. ఎస్సైగా మొదలుపెట్టినవాళ్లకు ఈ దారి దాదాపు మూసినట్టే. ఎస్సై, సీఐ, డీఎస్పీ అని ఎక్కుతూ పోయేసరికే సర్వీసు అయిపోతుంది. గ్రూప్-1లో నేరుగా డీఎస్పీ అయితే కథ కొంచెం మారుతుంది. ఐపీఎస్ సీనియర్ పోస్టుల్లో మూడో వంతు దాకా రాష్ట్ర సర్వీసు నుంచి పదోన్నతితో నింపుతారు. సిద్దిపేట లాంటి చిన్న కమిషనరేట్లలో అలా వచ్చినవాళ్లు కమిషనర్లయ్యారు. హైదరాబాద్ స్థాయికి వెళ్లేంత సర్వీసు మాత్రం వాళ్లకు మిగలదు.

నిజాం కాలంలో ఇది ఇంకోలా జరిగింది. వనపర్తి సంస్థానంలో పుట్టిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి అమీన్‌గా చేరారు. అంటే ఇప్పటి ఎస్సై లాంటి ఉద్యోగం. అక్కణ్నుంచి మెట్టుమెట్టూ ఎక్కి 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయి, 1934 దాకా ఉన్నారు. పద్నాలుగేళ్లు ఒకే కుర్చీ!

ఇప్పుడో? 2023 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆనంద్‌ను బదిలీ చేయడంతో సందీప్ శాండిల్య వచ్చారు. డిసెంబరులో కొత్తకోట శ్రీనివాస్ రెడ్డి, 2024 సెప్టెంబరులో మళ్లీ ఆనంద్, 2025 సెప్టెంబరులో సజ్జనార్. రెండేళ్లలో నాలుగు మార్పులు. క్షేత్రస్థాయి పోలీసు అధికారులను కనీసం రెండేళ్లు ఉంచాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. పాతికేళ్ల అనుభవం తెచ్చిన మనిషికి ఊరి సందులు అర్థమయ్యేలోపే ఆర్డర్ వస్తే ఆ అనుభవం ఎవరికి పనికొచ్చినట్టు?

మనవాళ్లు సగంమంది ఉండే బెంగళూరులో అయితే ఒక్క రాత్రిలో మారిపోయింది. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మర్నాడే కమిషనర్ బి. దయానంద సస్పెన్షన్, ఆ స్థానంలో సీమంత్ కుమార్ సింగ్. రెండు నెలలు తిరక్కముందే ఆ సస్పెన్షన్‌ను ప్రభుత్వమే ఎత్తేసింది.

ఇప్పుడు పరుగు ప్రాక్టీసులో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లెక్క ఇదీ. కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ. సివిల్స్‌కీ అదే డిగ్రీ. వయసు జనరల్‌కి 32, ఓబీసీకి 35, ఎస్సీ ఎస్టీలకు 37 దాకా. ఉద్యోగంలో చేరాక కూడా రాయొచ్చు. ప్రకాశం జిల్లా కుర్రాడొకరు కానిస్టేబుల్‌గా అయిదేళ్లు చేసి, అవమానం భరించలేక 2018లో రాజీనామా చేసి, 2023 సివిల్స్‌లో 780వ ర్యాంకు తెచ్చుకున్నాడు. ఎస్సై పుస్తకాల్లోని పాలిటీ, హిస్టరీ, అరిథ్‌మెటిక్ ప్రిలిమ్స్‌లోనూ వస్తాయి. మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు.