మార్గ పునఃపంపిణీ: కొలమానం, మూలచిహ్నం

కంప్యూటర్ నెట్‌వర్కులలో ఒక రౌటింగ్ ప్రోటోకాల్ గ్రహించిన మార్గాలను మరొక ప్రోటోకాల్‌కు అందించడమే మార్గ పునఃపంపిణీ. వాటి కొలమానాలు వేరు. రిప్ దారిలోని రౌటర్లను లెక్కిస్తుంది. లెక్క 16కు చేరితే గమ్యం అందనిదే. ఓఎస్‌పీఎఫ్ లంకెల వ్యయాన్ని కూడుతుంది. ఒకరు దూరాన్ని ఆమడలలో, మరొకరు బండి కిరాయిలో చెప్పినట్లన్నమాట. కనుక సరిహద్దు రౌటర్‌లో కొత్త ప్రారంభ విలువను నిర్ణయించవలసి వస్తుంది. అసలు దూరం మరుగున పడుతుంది.

సరిహద్దులు రెండైతే చిక్కు పెరుగుతుంది. సిస్కో రౌటర్లు విశ్వసనీయతకు సాధారణంగా ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120 ఇస్తాయి. తక్కువ అంకెకే ప్రాధాన్యం. అందువల్ల రిప్‌లో పుట్టిన మార్గం ఓఎస్‌పీఎఫ్ మీదుగా రెండవ సరిహద్దుకు చేరితే, ఆ రౌటర్ దానినే నమ్మి తిరిగి రిప్‌లోకి పంపగలదు. అప్పుడు ప్యాకెట్లు వలయంలో చిక్కుకోవచ్చు. దాటే ప్రతి మార్గానికీ మూలాన్ని తెలిపే ట్యాగ్ తగిలించి, ఆ ట్యాగ్ ఉన్నదానిని పుట్టినచోటికి తిరిగి పంపకపోవడమే నివారణోపాయం.