షెఫీల్డ్ ఇచ్చిన అదనపు గేరు

1928 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కారు గంటకు 50 మైళ్ల వేగంతో, అంటే మన లెక్కలో 80 కిలోమీటర్లతో పోతోందనుకోండి. దాని చక్రం మైలుకు సుమారు 670 సార్లు తిరుగుతుంది. వెనక ఇరుసులో క్రౌన్, పినియన్ల నిష్పత్తి 3.78. లెక్క కడితే ఇంజను నిమిషానికి దాదాపు 2,100 చుట్లు తిరగాలి. ఇప్పటి కార్లకు ఇదొక లెక్క కాదు. కానీ మోడల్ ఎ ఇంజను తనకున్న 40 హార్స్‌పవర్ మొత్తాన్నీ ఇచ్చేది 2,200 చుట్ల దగ్గర. హైవే మీద లారీల పక్కన మామూలుగా పోతున్నా సరే, ఇంజను మాత్రం తన హద్దు అంచునే ఉంటుందన్నమాట. పిస్టన్ ఒక్కో స్ట్రోకులో నాలుగుంపావు అంగుళాలు కదలాలి. క్రాంకు బేరింగులు కరిగించి పోసిన బాబిట్ లోహానివి. వాటికి నూనె అందేది ఒత్తిడితో కాదు, చాలావరకు చిలకరింపుతోనే. ఇలాంటి ఇంజనును గంటల తరబడి ఆ వేగంలో తిప్పితే ముందుగా దెబ్బతినేవి ఆ బేరింగులే.

తప్పు ఇంజనుది కాదు. ఆ రోజుల్లో గేరు మార్చడమంటే ఒక విద్య. సింక్రోమెష్ లేని గేర్‌బాక్సులో క్లచ్ రెండుసార్లు తొక్కి, వేగం సరిచూసుకుని పళ్లు కలపాలి. లేకపోతే కిర్రుమనే చప్పుడు వీధంతా వినపడేది. అందుకే కొనేవాళ్లు ఒక్కటే అడిగేవారు: ఒకసారి టాప్ గేరులో పడ్డాక మళ్లీ కడ్డీ ముట్టుకోకుండా ఊళ్లో నెమ్మదిగా పోవాలి, ఎత్తు కూడా ఎక్కాలి. కంపెనీలూ అందుకు తగ్గట్టే వెనక ఇరుసు నిష్పత్తి పెట్టాయి. మోడల్ ఎ ఇంజను లాగుడు శక్తి పతాక స్థాయికి చేరేది కేవలం 1,000 చుట్ల దగ్గర. సమతలం రోడ్డు మీద అంత తక్కువ వేగంలో తిరిగినా కారును నడపగల సత్తా దానికుంది. లేనిదల్లా ఆ అవకాశమిచ్చే ఇంకో గేరు. దాని పేరే ఓవర్‌డ్రైవ్. ఇంజను తిరిగే దానికన్నా ప్రొపెల్లర్ షాఫ్టు ఎక్కువ తిరిగేలా చేసే ఏర్పాటు అది.

ఈ ఆలోచన మోడల్ ఎ కంటే పాతది. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తొలినాళ్లలో నాలుగు గేర్లతో వచ్చేది. నాలుగోది ఓవర్‌డ్రైవే. ఆ గేరులో కారు చప్పగా ఉందని, ఎత్తు వస్తే లాగడం లేదని యజమానులు గొణిగారు. కంపెనీ 1909లో దాన్ని తీసేసి మూడు గేర్లతో సరిపెట్టింది. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన సింహాసనం కారు 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. అంటే ఆ మూడు గేర్ల కాలానిదే. సరిగ్గా అదే ఏడాది ఆల్పైన్ పోటీలో జేమ్స్ రాడ్లీ నడిపిన సిల్వర్ ఘోస్ట్ ఆస్ట్రియాలోని కాట్‌ష్‌బెర్గ్ కనుమ ఎక్కలేక ఆగిపోయింది. మరుసటి ఏడాదికల్లా కంపెనీ మళ్లీ నాలుగు గేర్లకు వచ్చింది. ఈసారి కొండలకు పనికొచ్చేలా కింది గేరు కలిపారు తప్ప, హాయిగా పరుగెత్తే పై గేరును వెనక్కి తేలేదు. డబ్బున్నవాళ్ల విసుగు ఒక మంచి ఆలోచనను పాతికేళ్లు మూలన పడేసిందని నా అభిప్రాయం.

దాన్ని మళ్లీ బయటికి తీసింది అమెరికా. 1934లో క్రైస్లర్, డిసోటో ఎయిర్‌ఫ్లో కార్లకు బోర్గ్ వార్నర్ ఓవర్‌డ్రైవ్ వచ్చింది. మంచి పనిముట్టే గానీ ఒక ఇబ్బంది ఉంది. దాంట్లో ఫ్రీవీల్ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ పట్టుకోకముందు యాక్సిలరేటరు మీద కాలు తీస్తే కారు జారుతూ పోతుంది. ఇంజను బ్రేకు సాయం ఉండదు.

ఇంగ్లండులో ఈ సమస్యను పట్టుకున్నవాడు ఎడ్గార్ డి నార్మన్‌విల్ (1882–1968). ఆయన ఇంజనీరు, మోటారు పత్రికల్లో సాంకేతిక రచయిత కూడా. 1930లలోనే హంబర్ కార్లకు ఒక గేర్‌బాక్సు రూపొందించాడు. షెఫీల్డ్‌లోని లేకాక్ కంపెనీ ఇంజనీరు ఒకరు ఆయనకు అనుకోకుండా తారసపడడంతో కథ మలుపు తిరిగింది. లేకాక్ అప్పటికి రైలు పెట్టెల సామాన్లకు పేరున్న సంస్థ. ఆ ఇద్దరి పొత్తులో పుట్టిన ఓవర్‌డ్రైవ్ పెట్టె 1948 నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్‌తో మార్కెట్లోకి వచ్చింది. వాన్‌గార్డ్ పేరు మన పెద్దవాళ్లలో కొందరికైనా గుర్తుండాలి. తర్వాతి కాలంలో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ చేసిన కంపెనీ ముందుగా ఈ వాన్‌గార్డ్‌లనే తెచ్చింది.

లేకాక్ పెట్టె గేర్‌బాక్సు వెనక తోకలా అతుక్కుంటుంది. విప్పి బల్ల మీద పెడితే మధ్యలో చిన్న గేరు కనిపిస్తుంది. దాని పేరు సన్ గేరు. చుట్టూ మూడు ప్లానెట్ గేర్లు ఒక క్యారియర్‌కు బిగించి ఉంటాయి. వాటి చుట్టూ లోపలివైపు పళ్లున్న పెద్ద కంకణం, అదే యాన్యులస్. గేర్‌బాక్సు షాఫ్టు క్యారియర్‌ను తిప్పుతుంది. చక్రాలకు పోయే షాఫ్టు కంకణానిది. సన్ గేరును కదలకుండా పట్టుకుంటే ప్లానెట్లు దాని మీదుగా దొర్లుతూ కంకణాన్ని తమకన్నా వేగంగా తిప్పుతాయి. ఉదాహరణకు సన్ గేరుకు 18 పళ్లు, కంకణానికి 72 పళ్లు అనుకుంటే, క్యారియర్ ఒక్క చుట్టు తిరిగేసరికి కంకణం ఒకటింబావు చుట్లు తిరుగుతుంది. అదే వేగానికి ఇంజను అయిదో వంతు తక్కువ తిరిగితే చాలు.

సన్ గేరును పట్టుకోవడం, వదలడం ఎలా? ఇక్కడే డి నార్మన్‌విల్ తెలివి ఉంది. సన్ గేరుకు ఒక కోను తగిలించాడు. ఆ కోనుకు లోపల ఒక వైపు, బయట ఒక వైపు క్లచ్ పట్టీలున్నాయి. మామూలుగా స్ప్రింగులు ఆ కోనును కంకణానికి అదిమి ఉంచుతాయి. అప్పుడు సన్, కంకణం ఒక్కటై అంతా ఒకే ముద్దగా తిరుగుతుంది. అది నేరు గేరు. స్విచ్ నొక్కగానే సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఒక చిన్న వాల్వు తెరుస్తుంది. నూనె ఒత్తిడి పిస్టన్లను తోసి కోనును కంకణం నుంచి విడదీసి, పెట్టె గోడకున్న బ్రేకు రింగుకు అదుముతుంది. సన్ ఆగిపోతుంది, ఓవర్‌డ్రైవ్ పడుతుంది. కోను ఇటు నుంచి అటు పోయే ఆ క్షణంలో చక్రాలకు శక్తి తెగిపోకూడదు కదా. అందుకని లోపల ఒక రోలర్ క్లచ్ పెట్టాడు. సైకిలు ఫ్రీవీల్ లాంటిదే అది. ఇంజను ముందుకు తోస్తే పట్టుకుంటుంది, కంకణం తనకన్నా వేగంగా పోతే వదిలేస్తుంది. క్లచ్ తొక్కనక్కర్లేదు, కాలు తీయనక్కర్లేదు. నేరు గేరులో కాలు తీసినా కోను బిగించి ఉంటుంది గనుక ఇంజను బ్రేకు పోదు. అమెరికా పెట్టెకు లేనిది ఇదే.

ఆ రోలర్ క్లచ్చే ఈ యంత్రానికి ప్రాణగండం కూడా. ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా పొరపాటున రివర్సు వేస్తే కంకణం క్యారియర్ కన్నా వేగంగా వెనక్కి తిరగాలి. ఆ దిశలో రోలర్లు మాత్రం రెంటినీ కలిపి బిగించేస్తాయి. సన్ గేరేమో గోడకు కట్టేసి ఉంది. ఏదో ఒకటి విరగాల్సిందే. అందుకే గేర్‌బాక్సు మూత మీద ఇన్‌హిబిటర్ స్విచ్ ఒకటి ఉంటుంది. సాధారణంగా మూడు, నాలుగు గేర్లలో తప్ప కరెంటు పోనివ్వదు. కొత్తగా బిగించేవాళ్లు ఖర్చు మిగులుతుందని ఈ స్విచ్ మానేస్తే, ఆ మిగిలినదానికి ఎన్నో రెట్లు ఒక్క రివర్సులో పోతుంది.

1952లో లండన్ ప్రదర్శనలో మెరిసిన ఆస్టిన్ హీలీ 100 ఈ పెట్టెను సరదాగా వాడుకుంది. దాని గేర్‌బాక్సు ఆస్టిన్ ఎ90 నుంచి వచ్చిన నాలుగు గేర్లది. బరువు తక్కువున్న ఈ స్పోర్ట్స్ కారుకు మొదటి గేరు మరీ కిందిదైందని దాన్ని మూసేసి మూడు గేర్లు చేశారు. పై రెండింటికీ ఓవర్‌డ్రైవ్ కలిపారు. మొత్తం అయిదు. ట్రయంఫ్, జాగ్వార్, ఎం.జి. అందరూ ఇదే దారి పట్టారు. చివరికి ఫెరారీ కూడా తన 250 జి.టి.ఇ.కి షెఫీల్డ్ పెట్టెనే తెచ్చుకుంది. తయారైన 35 లక్షలకు పైగా యూనిట్లలో పది లక్షలకు పైగా వోల్వో కార్లకే పోయాయి. వోల్వో 240లో గేరు కడ్డీ తల మీద బొత్తాం నొక్కితే చాలు. 1980లలో అయిదు గేర్ల పెట్టెలు చవకయ్యాక ఈ తోక అవసరం తీరిపోయింది. మన అంబాసిడర్‌కు ఇసుజు ఇంజనుతో వచ్చిన అయిదో గేరూ అదే కోవలోది. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు లోపలికి వెళ్లిపోయిందంతే.

ఇక బిగింపు సంగతి. ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనిపించే కారయితే పని కొంత సులువు. గేర్‌బాక్సు మెయిన్ షాఫ్టును స్ప్లైన్లున్న పొడవాటి దానితో మార్చాలి, మధ్యలో అడాప్టరు ప్లేటు పెట్టాలి, చాలా కార్లలో ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చేసి, మళ్లీ బాలెన్సు చేయించాలి. లేదా షాఫ్టు మధ్యలోనే పెట్టెను విడిగా వేలాడదీయాలి. పాత రోల్స్ రాయిస్, బెంట్లీ యజమానుల్లో కొందరు చేసేది ఇదే. స్పీడోమీటరు కేబులు ఎక్కడినుంచి తీస్తున్నారన్నది చూసుకోవాలి. అది ఓవర్‌డ్రైవ్‌కు ముందుంటే ముల్లు అబద్ధం చెబుతుంది.

సోలినాయిడ్ దగ్గర తొందరపడొద్దు. లేకాక్ తొలి రకం, ఎ టైపు సోలినాయిడ్‌లో రెండు చుట్లున్నాయి. ఒకటి గట్టిగా లాగడానికి, ఇంకొకటి పట్టి ఉంచడానికి. లాగే చుట్టు పదిహేను ఆంపియర్లకు పైనే తాగుతుంది. కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లగానే లోపలి కాంటాక్టు విడిపోయి ఆ చుట్టు ఆగిపోవాలి. లీవరు సర్దుబాటు వెంట్రుక వాసి తప్పినా కడ్డీ చివరిదాకా పోదు, చుట్టు కొన్ని నిమిషాల్లో మాడిపోతుంది. నూనె విషయంలోనూ గేర్‌బాక్సులకు వాడే ఇ.పి. (అధిక ఒత్తిడి) రకాలు వద్దు. తయారీదారు చెప్పిన మామూలు ఇంజను ఆయిలే పోయాలి. కోను పట్టు నూనెను బట్టే ఉంటుంది. ఈ పెట్టెల రోగాల్లో సగం నూనెలోనివి, మిగతా సగం కరెంటువి. లోపలి గేర్లు అరగడం అరుదు.

మోడల్ ఎ దగ్గర ఈ సౌలభ్యాలు లేవు. షాఫ్టు టార్క్ ట్యూబు అనే ఇనుప గొట్టం లోపల ఉంటుంది. వెనక ఇరుసు తోపునంతా ఆ గొట్టమే మోస్తుంది. దాన్ని కోసి మధ్యలో ఓవర్‌డ్రైవ్ పెట్టి, షాఫ్టును పొట్టి చేసి, రెండు ముక్కలూ ఒకే గీతలో ఉండేలా లేత్ మీద సరిచూసుకోవాలి. అమెరికాలో ఈ కారు కోసమే చేసే మిచెల్ ఓవర్‌డ్రైవ్ ఇంజను చుట్లను సుమారు 26 శాతం తగ్గిస్తుంది. మొదట చెప్పిన 2,100 అలా 1,550కి దిగుతుంది. పాత బోర్గ్ వార్నర్ పెట్టె దొరికితే అదీ పనిచేస్తుంది. కానీ దాని ఫ్రీవీల్‌ను, మోడల్ ఎ రాడ్ల బ్రేకులను కలిపి ఘాట్ రోడ్డు దిగడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఫ్రీవీల్‌ను బిగించే హ్యాండిల్ ఉంటుంది. దిగేముందు అది లాగి ఉందో లేదో చూసుకోండి.

ఫోర్డ్ ఇండియా 1926లోనే మొదలైంది కాబట్టి మన షెడ్లలో అక్కడక్కడా మోడల్ ఎ కార్లు ఇంకా ఉన్నాయి. ఓవర్‌డ్రైవ్ వల్ల ఆ కారుకు వేగం రాదు, ఇంజనుకు విశ్రాంతి వస్తుంది. బ్రేకులు ఎప్పటివో అప్పటివే, కాబట్టి వేగం కోసం ఈ పని చేయించొద్దు. ఇంజను ఆయుష్షు కోసమైతే నిక్షేపంగా చేయించండి. ఒక్క షరతు: మీ కారుతో వచ్చిన టార్క్ ట్యూబును, షాఫ్టును కోయొద్దు. పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి వెతికి కొని దాన్నే కోయించండి. అసలువి నూనె రాసి, గుడ్డ చుట్టి, చీటీ కట్టి అటక మీద దాచండి.